అడ్డా నంబరు

ఊరకే రారు మహానుభావులు అనేది మా అమ్మ. ఆ మాట నాకు అన్నంతో పాటే ఒంటబట్టింది. అందుకే ఆ పొద్దున ఏడు గంటలకు ఎల్బీ నగర్ లేబర్ అడ్డా దగ్గర కారు ఆగి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక అమ్మాయి దిగి, తిన్నగా ఆడవాళ్ళు కూర్చునే వైపు నడిచేసరికి, నేను చాయ్ గిన్నె కింద మంట తగ్గించి మరీ చూశాను.

కారులో వచ్చేవాళ్ళు ఎవరైనా ముందు మగవాళ్ళ వైపు పోతారు. మేస్త్రితో బేరం కుదుర్చుకుంటారు, చివర్లో "ఇద్దరు ఆడోళ్ళను కూడ పట్టుకరా" అంటారు. ఆడవాళ్ళతో ఎవరూ బేరం ఆడరు. ఇసుకతో, సిమెంటుతో పాటు వాళ్ళూ ఒక సామానే. అలాంటిది వీళ్ళు మేస్త్రీల వైపు తలైనా తిప్పకుండా ఆడవాళ్ళకు నమస్తే పెట్టారు. అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది?

నా పేరు అండాలు. మాది చౌటుప్పల్ అవతల ఊరు. మెట్రో రాకముందు నుంచీ అడ్డా పక్కన, సెల్ రిపేర్ షాపు గోడకు ఆనుకుని నా చాయ్ బండి ఉంది. ఎవరు ఎవరితో పనికి పోయారు, ఎవరికి జ్వరం, ఎవరి మొగుడు అలిగి ఊరికి పోయాడు, అన్నీ నా బండి దగ్గరే తేలతాయి. నాకు నోరు ఎక్కువని అంటారు గానీ, అడ్డాలో ఆడవాళ్ళు ఏ కాగితం మీద వేలు పెట్టాలన్నా ముందు నా మొహం చూస్తారు.

ఆయన పేరు ప్రసన్నకుమార్. అమ్మాయి పేరు తన్మయి. 'పనిబాట' అని వాళ్ళ సంస్థ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు. తట్టలు మోసే ఆడవాళ్ళకు టైల్స్ వేసే పని నేర్పిస్తారట. నలభై రోజులట. నేర్చుకునే రోజులకు కూడా కూలి ఇస్తారట, మధ్యాహ్నం అన్నం పెడతారట. తర్వాత నాగోల్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో టైల్స్ పని సంస్థే పట్టుకుని, వీళ్ళను మేస్త్రీలుగా పంపిస్తుందట. మగ మేస్త్రికి ఎంతో వీళ్ళకూ అంతేనట. ఈ 'అట'లన్నీ నావి. తన్మయి మాత్రం ఒక్క 'అట' లేకుండా గడగడా చెప్పింది.

చాయ్ ఇచ్చే నెపంతో దగ్గరికి పోయి అడిగాను. "ధర్మానికి చేస్తున్నరా సార్?"

"ధర్మం కాదు, వ్యాపారమే" అన్నాడు ప్రసన్నకుమార్. "సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. పని మీద వచ్చిన దాంట్లో కొంత సంస్థకు మిగులుతుంది. దాంతో ఇంకో బ్యాచ్‌కు నేర్పిస్తాం. లాభం ఎవరూ ఇంటికి పట్టుకుపోరు."

"అంటే యాపారమే గని, లాభం ఒద్దంటరు."

"అట్లాగే అనుకోండి."

"యాపారం చేసెటోడు లాభం ఒద్దన్నడంటే, ఇంకేదో కావాలన్నట్టే గద సార్?"

ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "మీరు వీళ్ళకు ఏమవుతారు? పనికి పంపిస్తే కమీషన్ ఏమన్నా తీసుకుంటారా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను చాయ్ అమ్ముత సార్, మనుషులను కాదు" అని గ్లాసు ఠక్కున పెట్టి వచ్చేశాను. ఆ నిమిషంలోనే ఆయనకు నా మీద, నాకు ఆయన మీద అనుమానం నాటుకుంది.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆరేళ్ళ కింద ఒకాయన ఇట్లాగే వచ్చాడు. చేతులు జోడించనిదే మాట్లాడేవాడు కాదు. కుట్టు మిషన్లు ఇప్పిస్తానన్నాడు. నేనే అందరినీ పిలిచి, మంచోడే, వెయ్యండని దగ్గరుండి వేలిముద్రలు వేయించాను. మిషన్లు రాలేదు. కొన్ని నెలల తర్వాత ఎవరో ఒక పేపరు ముక్క పట్టుకొచ్చారు. అడ్డా మహిళలు నలభై మందికి కుట్టు మిషన్ల పంపిణీ అని అందులో రాసి ఉంది. పేర్లన్నీ మావాళ్ళవే. ఫొటోలో మిషన్ల ముందు నవ్వుతూ నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం ఎవరో మాకు తెలియదు. ఆ వారం రోజులు నన్ను తిట్టని నోరు లేదు. నిజానికి ఆ తిట్లు నాకు తగినవే.

అందుకే ఈసారి నోరు మూసుకుని కూర్చుందామనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కానీ రాములమ్మ ఉంది.

రాములమ్మది నకిరేకల్ పక్క పల్లె. మూసారాంబాగ్‌లో రేకుల గదిలో కిరాయికి ఉంటుంది. ఆమె మొగుడు తిరుపతి కాంక్రీటు కలిపే మిషన్ మీద పనికి పోతాడు. ఆమె పద్దెనిమిదేళ్ళుగా తట్ట మోస్తోంది. ఆ ఏడు చలికాలంలో కుడి భుజం పట్టేసింది. దవాఖానలో డాక్టరు, ఇక బరువు మోస్తే ఆ చెయ్యి పైకి లేవదమ్మా అన్నాడు. ఆ సంగతి అడ్డాలో తెలిస్తే ఏ మేస్త్రీ పిలవడు. అందుకని భుజం మీద కొంగు బిగించి కప్పుకుని, ఏమీ లేనట్టు అందరితో పాటు కూర్చునేది. నాకు ఒక్కదానికి చెప్పింది. మొగుడికి కూడా సగమే చెప్పింది.

కారు పోగానే నా దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న. టైల్ ఎట్ల పెడ్తరో, ఏ మూలకు కొడ్తరో కండ్లు మూసుకోని చెప్త. ఒక్కసారి నా చేతికిస్తే చాలు. చెయ్యి పూరా పోకముందే ఇస్తే చాలు."

"జర ఆగు. ఎవలో ఏందో తెల్సుకోని..."

"నేను పేరు రాపిచ్చినక్కా" అంది.

ఆమే కాదు, ఇరవై ముగ్గురు రాయించారు. ప్రసన్నకుమార్ కారులో కూర్చుని ఫోను మాట్లాడుతుంటే, తన్మయి ఫుట్‌పాత్ మీద చతికిలబడి రాసుకుంది. పేరు, ఊరు, వయసు. ఫోన్ నంబరు అడగ్గానే అందరూ ఒకటే నంబరు చెప్పారు. నాది.

ఇది మా దగ్గర కొత్త కాదు. అడ్డా ఆడవాళ్ళలో సగం మందికి ఫోనుండదు. ఉన్నవాళ్ళ ఫోను మొగుడి జేబులో ఉంటుంది, లేకపోతే రీఛార్జి లేక మూలన పడి ఉంటుంది. రెండు నెలలకోసారి సిమ్ము మారిపోతుంది. నా ఫోనుకు మాత్రం పక్క సెల్ షాపులో ఛార్జింగుకు కొదవ లేదు, నంబరు ఎన్నడూ మారలేదు. అందుకని గ్యాసుకు, బడికి, ఆధార్‌కు, దవాఖాన చీటీకి అందరూ నా నంబరే ఇస్తారు. చిన్నపిల్లలకు కూడా అది నోటికొచ్చు. తన్మయి మూడో మనిషి దగ్గర కలం ఆపి "మీ అందరిదీ ఒకటే నంబరా?" అని అడిగిందట. "అది మా అడ్డా నంబరమ్మా, రాసుకో" అన్నారట. ఆ పిల్ల నమ్మి రాసుకుంది.

మర్నాడు పొద్దున నా ఫోను మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంది. ఒకదాని మీద ఒకటి ఇరవై మూడు మెసేజీలు. అన్నింట్లోనూ అంకెలే. ఓటీపీలు! వెంటనే తన్మయి ఫోను చేసింది.

"ఆంటీ, మీకు కొన్ని నంబర్లు వచ్చుంటాయి. పేరు చెప్తాను, ఎదురుగా ఉన్న నంబరు చదవండి. పేర్లు ఎక్కించాలి."

"ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని గీ ఫోన్లనే పొద్దుకు పదిసార్లు చెప్తున్నరు. నీకెట్ల చెప్త?"

"అవి బ్యాంకువి ఆంటీ. ఇవి..."

"అన్ని గట్లనే షురువైతయి బిడ్డా" అని పెట్టేశాను. ఇరవై ముగ్గురి గౌరవం కాపాడానని కాసేపు నాకు నేనే గొప్పదాన్ననిపించింది కూడా.

అయినా మనసు ఊరుకోలేదు. కళ్ళతో చూసి తేల్చుకుందామని ఆ మధ్యాహ్నం బండి మూసి దిల్‌సుఖ్‌నగర్ పోయాను. బస్టాండు వెనక, కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో ఉంది పనిబాట. తలుపు తెరిచే ఉంది. మెట్ల మీద నిలబడి తొంగి చూశాను.

పెద్ద హాలు. గోడకు హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ళ ఫొటోలు. ఆ నవ్వులు చూడగానే నాకు కుట్టు మిషన్ల ఫొటో గుర్తొచ్చింది. ఎదుటి గోడకు సగం దాకా టైల్స్ అంటించి ఉన్నాయి. వరసలు చక్కగా, తిన్నగా ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఉలి పెట్టి ఆ టైల్స్‌ను ఒక్కొక్కటే పీకుతున్నారు! పీకి, టబ్బులో కడిగి, పక్కన పేర్చి పెడుతున్నారు.

పని తెలిసినవాళ్ళు వేసిన టైలు పీకడమంటే మేస్త్రి మొహం మీద కొట్టినట్టు. వంకరగా వేస్తేనే పీకుతారు. తిన్నగా వేసినవి పీకడం నా జన్మలో చూడలేదు.

కింద స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ రామారావును అడిగాను. ఆయనది గుంటూరు వైపు.

"ఏం చెప్పమంటావమ్మా" అన్నాడాయన. "పొద్దున్నే అంటిస్తారు. సాయంత్రమయ్యేసరికి పీకేస్తారు. రేపు మళ్ళీ అవే పలకలు, అదే గోడ. మధ్యలో ఎవరో ఒకాయనొచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తాడు. నేనొచ్చి మూడు నెల్లయింది, ఆ గోడ ఇప్పటికీ పూర్తవ్వలేదు. ఏం పనో ఏంటో, మనకెందుకులే."

ఇంకేం కావాలి? అంటించడం, ఫొటో తియ్యడం, పీకడం. ఎక్కడో పెద్దవాళ్ళకు ఆ ఫొటోలు చూపిస్తారు, డబ్బు వాళ్ళు తింటారు, పేర్లు మావి వాడుకుంటారు. నాకు అంతా తేటతెల్లమైపోయింది. నిజమే, పైకి పోయి ఎందుకు పీకుతున్నారని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. అడిగితే వాళ్ళు ఏదో చెప్తారు, అది నమ్మాల్సి వస్తుందేమోనని భయం.

మరుసటి పొద్దున అడ్డాలో చెప్పేశాను. ఫొటోల దందా, మర్చిపోండి అన్నాను. అందరూ ఊఁ అన్నారు. మేస్త్రీలు పకపకా నవ్వారు. "ఆడోళ్ళు మేస్త్రీలైతే మేం తట్టలు మొయ్యాల్నా ఏంది" అన్నాడొకడు. రాములమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఏమో అక్కా. ఫోనైతే రానియ్యి. నేనే పోయి చూసుకుంట" అంది.

ఫోను రెండు రోజులకే వచ్చింది. "రాములమ్మ గారికి గురువారం చిన్న పరీక్ష ఉంది. ఆమెను పిలుస్తారా?" అంది తన్మయి. రాములమ్మ అప్పుడు నాకు పదడుగుల దూరంలో కూర్చుని ఉంది. "రాంగ్ నంబర్" అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ప్రసన్నకుమార్ చేశాడు. "ఈ నంబరు మీద ఇరవై ముగ్గురున్నారు. రాములమ్మ అనే మనిషి అసలు ఉందా లేదా?" గొంతు పోలీసాయన గొంతులా ఉంది. నాకు ఇంకా మొండితనం వచ్చింది.

"గా పేరుతోని ఇక్కడ ఎవ్వలు లేరు" అన్నాను.

రాములమ్మ రోజూ అడిగేది. పనికి పోయే ముందు చాయ్ తాగుతూ, గొంతు తగ్గించి, "అక్కా, ఫోనేమన్న ఒచ్చిందా?" అని. నేను రాలేదని చెప్పేదాన్ని. అబద్ధమే. ఆమె మంచికే అనుకున్నాను. రెండు వారాలు అడిగి అడగడం మానేసింది. ఆ తర్వాత బీఎన్ రెడ్డి నగర్‌లో రేకుల షెడ్డు పని తగిలితే వారం రోజులు ఇసుక మోసింది. వచ్చాక చాయ్ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంది. నేను చూశాను. చూసీ, ఆ సంస్థ మోసమే అయినప్పుడు నేను చేసిందాంట్లో తప్పేముందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇంకో వారం గడిచింది. ఒక పొద్దున బండి దగ్గరికి ఒకామె వచ్చింది. భుజాన సంచి, అందులోంచి తాపీ పిడి, మట్టం సరిచూసే రసమట్టం బయటికి కనిపిస్తున్నాయి. వెనక ఒక మగమనిషి టైల్స్ కోసే మిషన్ మోసుకొస్తున్నాడు.

"మేస్త్రీ, రెండు చాయ్ చెప్పాల్నా?" అన్నాడతను.

మేస్త్రి ఎక్కడున్నాడా అని నేను ఆమె వెనకాల వెతికాను. ఎవరూ లేరు.

"నాకే" అని నవ్విందామె. పేరు నాగేశ్వరి. హయత్‌నగర్ అడ్డాలో తట్ట మోసేదట. "పనిబాటల నేర్సుకున్న. ఇప్పుడు నాగోల్‌ల ఆరు ఫ్లాట్ల పని నడుస్తున్నది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి... గా గోడ మీద టైల్స్ పెట్టి పీకుడేంది?"

ఆమె ఇంకా నవ్వింది. "అయ్యో, గదే గదక్కా నేర్సుడంటే! సిమెంటుతోని పెడ్తే ఊడొస్తయా? నేర్సుకునెటప్పుడు ఉత్త మట్టి మాలుతోని పెడ్తం. పెట్టుడు, పీకుడు, కడుగుడు, మళ్ళ పెట్టుడు. తిన్నగ ఒచ్చినా పీకుమంటది మాకు నేర్పే మేడం. రేపు గూడ తిన్నగనే ఒస్తదా చూస్తమంటది. ఎంత నేర్సినమో చూసెతందుకు ఫొటో గూడ తీస్కుంటరు. ఇరవై రోజులు గదే పని. నా గోర్లన్ని పోయినయి." చేతులు చాపి చూపించింది. గోళ్ళు ఇంకా సరిగ్గా పెరగలేదు. అది ఫొటోకు తయారైన చెయ్యి కాదు.

"మీ అడ్డ నుంచి ఒక్కరు గూడ రాలేదేందక్కా? ఎవలో ఫోనెత్తి గసొంటోళ్ళు ఎవ్వలు లేరన్నరంట. తన్మయి మేడం మస్తు బాధపడ్డది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే బొడ్డున దోపిన ఫోను మీదికి పోయింది. నాగేశ్వరి చూసిందో లేదో తెలియదు. చాయ్ తాగి వెళ్ళిపోయింది. నేను పొయ్యి ఆర్పేసి, ఉన్నదాన్ని ఉన్నట్టు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో ఎక్కాను.

ఈసారి మెట్ల మీద ఆగలేదు. నేరుగా ప్రసన్నకుమార్ టేబులు ముందు నిలబడ్డాను.

"సార్, ఎల్బీ నగర్ చాయ్ బండి నాదే. గా నంబర్ నాదే. రాంగ్ నంబరన్నది, ఎవ్వలు లేరన్నది నేనే."

ఆయన ఒక ఫైలు తెరిచాడు. ఇరవై మూడు పేర్లు. అన్నింటి మీదుగా ఒకటే ఎర్ర గీత. రాములమ్మ పేరు అన్నింటికన్నా పైన ఉంది.

"ఇరవై మూడు పేర్లు, ఒకటే నంబరు" అన్నాడు. "ఆ నంబరేమో ఎవరూ లేరంటుంది. ఇట్లాంటి జాబితాలు మాకు బ్రోకర్లు తెస్తారు. లేని మనుషుల పేర్లు రాసి, వాళ్ళ పేరున ఇచ్చేదంతా తినేస్తారు. అది కూడా అట్లాంటిదే అనుకున్నా. మిమ్మల్ని చూసిన మొదటి రోజే నాకు అనుమానం."

పక్కన నిలబడ్డ తన్మయి తల ఎత్తలేదు. "నేను చూసి రాశానని చెప్పాను ఆంటీ. సార్ నమ్మలేదు. కొత్తదానివి, నిన్ను మోసం చేశారన్నారు" అంది మెల్లగా.

బ్రోకరు! నేను! ఆరేళ్ళ కింద మా పేర్లు తినేసినవాడితో సమానంగా నన్నూ ఒక గీతలో కలిపేశాడు ఈయన. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఏమని తిట్టను? నేను ఆయన్ను అనుకున్నదీ అదే కదా. ఆయన అడ్డాకు వచ్చి అడగలేదు, నేనూ పైకి పోయి అడగలేదు. మా ఇద్దరి తెలివికి మధ్యలో రాములమ్మ ఇసుక మోసింది.

"నన్ను ఏమన్న అనుండ్రి సార్. వాళ్ళను కొట్టెయ్యకుండ్రి."

ఆయన ఫైలు మీద వేళ్ళతో తట్టాడు. నమ్మాలా వద్దా అని ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాడని తెలుస్తోంది. చివరికి అన్నాడు. "ఇప్పుడు నడిచే బ్యాచ్‌లో ఒకామె ఊరికి పోయింది. ఒక్క చోటు ఉంది. రేపు పొద్దున ఆ రాములమ్మను మనిషిగా నా ముందు నిలబెట్టండి. మిగతావాళ్ళ సంగతి వచ్చే బ్యాచ్‌కు చూద్దాం. ఎవరి నంబరు వాళ్ళే తెచ్చుకోవాలి."

మర్నాడు పొద్దున అడ్డాలో అందరూ వినేటట్టు చెప్పాను. ఫోన్లు వచ్చాయని, నేనే లేరన్నానని, ఆ సంస్థ మోసం కాదని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. "అప్పుడు నమ్మి ముంచినవ్, ఇప్పుడు నమ్మక ముంచినవ్" అంది ఒకామె.

రాములమ్మ మాత్రం అరవలేదు. గ్లాసు కింద పెట్టింది.

"ఎన్నిసార్లు ఒచ్చిందక్కా ఫోను?"

"మూడుసార్లు."

"నేను అడిగిననాడు గూడ ఒచ్చిందా?"

తలూపాను. ఆమె దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా అంది. "నా భుజం సంగతి నీకొక్కదానికే చెప్పిన గదక్కా."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుని, "పా, టైమైతది" అంది.

హాల్లో ప్రసన్నకుమార్, తన్మయి ఉన్నారు. నాగేశ్వరి కూడా వచ్చింది, కొత్తవాళ్ళకు పని చూపించడానికి. "ఫోను చేస్తే ఎందుకు రాలేదమ్మా?" అని ప్రసన్నకుమార్ అడిగాడు. జవాబు చెప్పాల్సింది నేను. నోరు తెరిచేలోగా రాములమ్మే చెప్పింది.

"ఫోను నాది కాదు సార్. నా పని నేను ఇంకొకలకు అప్పజెప్పిన. తప్పు నాదే."

నన్ను కాపాడటానికి అన్న మాట కాదది. నాకు బాగా తెలుసు.

ఆయన ఆమె చేతికి టైలు ఇచ్చి, గోడ మీద తల ఎత్తులో ఉన్న వరసలో పెట్టమన్నాడు. ఆమె మాలు తీసుకుంది, టైలు వెనక పరిచింది. ఆ పరిచిన తీరుకే నాగేశ్వరి కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత కుడి చెయ్యి ఎత్తింది. చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. పళ్ళు బిగించి ఇంకోసారి ఎత్తింది. అంతే. ఎడమ చెయ్యి కింద పెట్టి కుడి చేతిని తోసింది. టైలు జారి కింద పడి పగిలింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"నొప్పి ఎప్పటి సందో ఉన్నది సార్. గని నెల కింద చెయ్యి పైకి పోతుండె. నడుమ ఇసుక మోసినంక లేస్తలేదు."

నెల కింద. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఇద్దరమూ చూపు తిప్పేసుకున్నాం.

"గోడ పని లేకున్నా నేల పనికి భుజం ఎత్తే పనేముంది సార్?" అంది నాగేశ్వరి. "కింద కూసోనే గద. ఆమె మాలు పరిసింది చూసిన్రా?"

"గోడ పని రాకుంటే బాత్రూములు, వంటగదులు పోతాయి. సగం పనే దొరుకుతుంది" అన్నాడాయన.

"సగమైనా మేస్త్రి పనే గద సార్. ఇయ్యుండ్రి" అని రాములమ్మ అప్పటికే నేల మీద కూర్చుంది. రసమట్టం అడిగి తీసుకుంది. టైలు పెట్టింది, మూలల మీద రబ్బరు సుత్తితో తట్టింది, పొడవుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి చూసింది. ప్రసన్నకుమార్ తనే వంగి చూసుకున్నాడు. పాత అలవాటు, నమ్మడు కదా. రెండుసార్లు చూసి, తన్మయిని పేరు రాయమన్నాడు.

నేను టైల్స్ అందిద్దామని బకెట్ దగ్గరికి పోయాను. రాములమ్మ తలెత్తలేదు.

"నువ్వు పో అక్కా. ఇక్కడ నేను చూసుకుంట" అంది.

వచ్చే బ్యాచ్‌కు మావాళ్ళు ఎనిమిది మంది పేర్లు రాయించారు. కూతుళ్ళవో, మొగుళ్ళవో, పక్కింటివాళ్ళవో, ఎవరికి దొరికిన నంబరు వాళ్ళు ఇచ్చారు. నా ఫోను ఇప్పుడు నెమ్మదిగా ఉంటుంది.

రాములమ్మ నాగోల్‌లో నేల పని చేస్తోంది. ఎప్పుడన్నా ఈ వైపు వస్తే నా బండి దగ్గరే చాయ్ తాగుతుంది. మంచిగున్నావా అక్కా అని అడుగుతుంది, ఎండ గురించి, బస్సుల గురించి మాట్లాడుతుంది. ఆమె భుజం ఎట్లుందో మాత్రం నేను నాగేశ్వరిని అడిగి తెలుసుకుంటున్నాను.